పోటుకు మునిగేదాన్ని దీవి అనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

దక్షిణ చైనా సముద్రం గొడవ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మన తెలుగు పత్రికల్లో 'దీవుల వివాదం' అని శీర్షిక పడుతోంది. పసిఫిక్‌లో టోంగా, ఫిజీ దేశాలు రెండూ తమదేనంటున్న మినర్వా పగడపు దిబ్బల ప్రస్తావన ఎప్పుడైనా వస్తే అదీ 'జనం లేని దీవి' అయిపోతుంది. ఓడల కొలువు చేసి ఓరుగల్లుకు తిరిగొచ్చిన మాబోటి వాళ్లకు ఆ మాట అన్నంలో రాయిలా తగులుతుంది. ఇది ఉత్త మాటల పట్టింపు కాదు. అది దీవా కాదా అన్న ఒక్క ప్రశ్న మీదే దేశాల తగాదా నిలబడి ఉంది. దాని పక్కన లంగరు వేసే తెరచాప పడవల వాళ్ల ప్రాణాలూ అక్కడే ఆధారపడి ఉన్నాయి.

పాకాల, రామప్ప, లక్నవరం చూసినవాళ్లకు మినర్వాను చెప్పడం తేలిక. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్నప్పుడు మత్తడి రాళ్లు ఉన్నచోటే ఉంటాయి, కానీ నీటి కింద పడిపోతాయి. పైనుంచి చూస్తే నురగ గీత ఒకటి కనబడుతుంది, అంతే. ఇప్పుడు దాన్ని తిరగేసి ఊహించండి. నీళ్లు లోపలి నుంచి బయటికి కాదు, బయటి సముద్రం నుంచి లోపలి మడుగులోకి దుంకుతాయి. చుట్టూ గుండ్రంగా ఉన్నదంతా మత్తడే, కట్ట అనేది లేదు. వాయవ్యాన ఒకచోట మాత్రం గండి. ఉత్తర మినర్వా అంటే ఇదే. అడ్డంగా సుమారు మూడు నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు. దానికి 20 మైళ్ల పైచిలుకు దూరాన ఎనిమిది అంకె ఆకారంలో దక్షిణ మినర్వా ఉంది. ఆటు వేళ పగడపు రాయి మీటరు లోపు ఎత్తున తేలుతుంది, మనిషి దాని మీద నడవొచ్చు. పోటు వేళకు అదంతా నీటి కిందికి పోతుంది. చెట్టు లేదు, మట్టి లేదు, మంచినీటి చుక్క లేదు.

మరి అక్కడ పడవలు ఎందుకు ఆగుతాయి? న్యూజిలాండ్‌లోని ఓపువా రేవు నుంచి మినర్వాకు సుమారు 800 నాటికల్ మైళ్లు. అక్కడి నుంచి టోంగా రాజధాని నుకుఅలోఫాకు ఇంకో 250. పది పన్నెండు మీటర్ల పడవలో ఒక జంటో, నలుగురు మనుషులో ఐదు, ఐదున్నర నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్ల) వేగంతో పోతే మొదటి దూరానికి ఆరేడు రోజులు, రెండోదానికి రెండు రోజులు పడుతుంది. మే, జూన్‌లలో ఉత్తరానికి, తుఫానుల కాలం నవంబర్‌లో మొదలయ్యేలోగా దక్షిణానికి వెళ్లడం వాళ్ల ఏడాది లెక్క. దక్షిణానికి వచ్చేటప్పుడే చిక్కు ఎక్కువ. ఆస్ట్రేలియా వైపు నుంచి వారానికొకటి చొప్పున అల్పపీడనాలు, వాటి వెంట గాలి మలుపులు వస్తుంటాయి. న్యూజిలాండ్ దగ్గర పడే వేళకు అలాంటిది ఎదురైతే ముఖాన నైరుతి గాలి కొడుతుంది. అందుకే టోంగా నుంచి రెండు రోజులు వచ్చి, మినర్వా మడుగులో లంగరు వేసి, ఒక మలుపు దాటిపోయాక బయలుదేరతారు. ఆ దారిలో నడిసముద్రపు అలలు అంతగా తగలని చోటు అదే. హైదరాబాద్ బస్సుకు జనగామ దగ్గర చాయ్ కోసం ఆగినట్టు కాదది, వాగు ఉరవడి తగ్గేదాకా ఇవతలి ఒడ్డున కూర్చోవడం లాంటిది.

అక్కడికి చేరడమే మొదటి ప్రమాదం. దీవి అయితే చెట్లో, కొండో దూరం నుంచే కనబడుతుంది. దీనికి ఆనవాలే లేదు. పోటు వేళ రాడార్‌కు కూడా విరిగే అలలు మైలు, రెండు మైళ్లలోకి వచ్చాకే చిక్కుతాయి. పసిఫిక్ పటాలు చాలావరకు ఉపగ్రహాల కాలానికి ముందటి కొలతల మీద గీసినవి. జీపీఎస్ మీటర్లలో చెబుతుంది, పటం కింద గీత వందల మీటర్లు పక్కకు ఉండొచ్చు. ఎలక్ట్రానిక్ పటంతో ఇంకో తంటా ఉంది. దూరం నుంచి చూసే స్కేలులో చిన్న దిబ్బలు తెర మీదికి రావు, దగ్గరికి జూమ్ చేస్తేనే వస్తాయి. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేసులో వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కు ఈశాన్యాన కార్గాడోస్ కారజోస్ దిబ్బల మీదికి ఎక్కింది ఇలాంటి పొరపాటుతోనే. అది చేయి తిరిగిన సిబ్బంది ఉన్న పందెం పడవ. తొమ్మిది మందీ బతికారు గానీ పడవ వెనక భాగం నుజ్జయింది.

కాబట్టి తెలిసినవాళ్లు పటాన్ని నమ్ముకోరు. బయలుదేరక ముందే ఉపగ్రహ చిత్రాలు దించుకుని, ఓపెన్ సీపీఎన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పటం మీద పరిచి తేడా చూసుకుంటారు. గండిలోకి పోవడం ఉదయం పదికి, మధ్యాహ్నం మూడుకు నడుమే. సూర్యుడు నెత్తి మీదో, వీపు వెనకో ఉండాలి. ముందు కొనపై ఒకరు పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడతారు. ముదురు నీలం అంటే లోతు, లేత ఆకుపచ్చ నీలం అంటే ఇసుక, గోధుమ రంగు కనబడితే పగడం, చుక్కాని తిప్పాల్సిందే. సూర్యుడు ఎదురుగా ఉంటే నీళ్లన్నీ ఒకే వెండి రేకు, రంగు తెలియదు. మూడు దాటాక చేరితే లోపలికి పోకూడదు. పది మైళ్ల అవతలే ముందు చాపను గాలికి ఎదురు పక్కకు లాగి, చుక్కానిని రెండో పక్కకు కట్టేస్తే పడవ దాదాపు నిలిచిపోయి మెల్లగా పక్కకు జరుగుతుంది. రాత్రంతా అలా గడపాలి. చేరే గంట ముందుగా లెక్క వేసుకుని చివరి రోజు చాప తగ్గించుకుంటే ఈ బాధ తప్పుతుంది.

గండిలో ఇంకో మాయ ఉంది. పోటు వస్తుంటే నీరు గండి గుండా లోపలికి పోతుందని ఎవరైనా అనుకుంటారు. ఆగ్నేయ గాలి బలంగా ఉన్న రోజు అలలు దిబ్బ మీదుగా దుంకి మడుగును నింపుతుంటాయి. ఆ నీరంతా బయటికి పోవడానికి ఉన్న తూము గండి ఒక్కటే. అందుకని పోటు ఎక్కుతున్నప్పుడు కూడా ప్రవాహం బయటికే వస్తుంది. బయటి అలకు అది ఎదురైతే గండి నోటి దగ్గర నీళ్లు నిలువుగా లేస్తాయి. మత్తడి ఎంత ఎత్తున దుంకితే తూములో ఉరవడి అంత, సూత్రం మన చెరువుదే.

లోపలికి పోయాక లంగరు. దీని గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే బరువైన ఇనుప కొక్కెమే పడవను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. 12 మీటర్ల పడవకు లంగరు 20 నుంచి 25 కిలోలే. దాని పట్టు నిలిపేది అడుగున పరుచుకున్న గొలుసు. అది లాగుడును అడ్డంగా ఉంచితేనే లంగరు ఇసుకలో దిగుతుంది, పైకి లాగితే ఊడుతుంది. లెక్క ఇలా ఉంటుంది: నీటి లోతు 12 మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముందు కొన ఎత్తు ఒకటిన్నర, పోటుకు పెరిగేది ఒకటిన్నర, వెరసి 15. దానికి ఐదింతలు, అంటే 75 మీటర్ల గొలుసు వదలాలి. పది మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు రెండుంబావు కిలోలు. అంటే వదిలే గొలుసు బరువే దాదాపు 170 కిలోలు. లోతు ఒక్కటే ఐదుతో హెచ్చవేసి 60 మీటర్లే వదిలినవాడి లంగరు పోటు వేళకు జారొచ్చు. గాలి పెరిగేట్టుంటే ఏడింతలు. వదిలాక ఇంజన్‌ను వెనక్కి నడిపి, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచి అర నిమిషం లాగి చూడాలి. ఒడ్డు లేదు కాబట్టి గురుతుకు చెట్టో గుడి గోపురమో దొరకదు, జీపీఎస్ అలారమే దిక్కు.

గొలుసును నేరుగా దాన్ని చుట్టే యంత్రం చక్రానికే వదిలేయడం ఇంకో తప్పు. దానికి సాగే గుణం లేదు, అల లేచినప్పుడల్లా దెబ్బంతా గొలుసు చుట్టే యంత్రం ఇరుసు మీద పడి వంగుతుంది. 14 లేదా 16 మిల్లీమీటర్ల మూడు పేటల నైలాన్ తాడు ఎనిమిది పది మీటర్లు కొక్కెంతో గొలుసుకు తగిలించి, ఆ తాడు మీదే పడవను నిలబెట్టాలి. నైలాన్ సాగుతుంది, కుదుపు మింగుతుంది. తాడు పడవ అంచును రాసుకునేచోట పాత అగ్గిమాపక పైపు ముక్క తొడగాలి. రాత్రికి రాత్రే తాడు తెగేది ఆ ఒరిపిడితోనే.

మడుగు అడుగున ఇసుకే ఎక్కువ, కానీ అక్కడక్కడా పగడపు మొట్లు ఉంటాయి. గాలి తిరిగితే పడవ తిరుగుతుంది, గొలుసు మొట్టుకు చుట్టుకుంటుంది. అప్పుడు 75 మీటర్లు వదిలానన్న ధీమా ఉత్తిదే. పని చేసేది మొట్టు నుంచి పడవ దాకా ఉన్న పది పదిహేను మీటర్లే, అదీ నిట్టనిలువుగా. అల వస్తే తాడు తెగాలి, లేదా గొలుసు. విరుగుడుగా పాతిక, ముప్పై మీటర్లు వదిలాక గొలుసుకు ఒక తేలే బుంగ, ఇంకో పది మీటర్లకు ఇంకోటి కడతారు. అడుగున కొంత గొలుసు పరుచుకుని, మిగతాది మొట్ల పైనుంచి తేలుతూ పోతుంది. పగడమూ బతుకుతుంది.

ఆగ్నేయ గాలి ఉన్నన్నాళ్లు మడుగు తూర్పు, ఆగ్నేయ అంచు పక్కనే ఉండాలి. దిబ్బ అలను ఆపుతుంది. ఆటు వేళ నీళ్లు నిమ్మళంగా పాకాల లాగే ఉంటాయి. పోటు నిండిన రెండు మూడు గంటలు మాత్రం మత్తడి మీదుగా వచ్చే అల పడవను ఊపి వదిలిపెడుతుంది. అక్కడ వంట, నిద్ర అన్నీ ఆ పట్టిక ప్రకారమే. గాలి మలుపు వచ్చే రోజు లెక్క తిరగబడుతుంది. మన బంగాళాఖాతం వాయుగుండంలో గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరిగితే, భూమధ్యరేఖకు అవతల ముల్లు దిశలోనే తిరుగుతుంది. మినర్వాకు దక్షిణంగా అల్పపీడనం పోతుంటే గాలి ఈశాన్యం నుంచి ఉత్తరం, వాయవ్యం, తర్వాత ఒక్కసారిగా నైరుతికి మారుతుంది. తూర్పు అంచున ఉన్న పడవకు అప్పుడు మూడు మైళ్ల మడుగు మీద పెరిగిన అల ఎదురుగా, వీపు వెనక దిబ్బ. లంగరు జారితే నిమిషాల్లో రాయి మీద ఉంటారు. గాలి ఉత్తరానికి మళ్లిన రోజే, వెలుగు ఉండగా పశ్చిమ అంచు పక్కకు మారాలి. రాత్రి మారదామనుకున్నవాడికి రంగులు కనబడవు.

ఇక తగాదా. ఇక్కడికి వస్తేనే 'దీవి' అన్న మాట ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. 1971, 72లలో లాస్ వెగాస్ వ్యాపారి మైకేల్ ఆలివర్ బృందం పడవల్లో ఇసుక తెచ్చి దిబ్బ మీద పోసి, జెండా పాతి, పన్నులు లేని 'మినర్వా గణతంత్రం' ప్రకటించింది. 1972 జూన్ 15న టోంగా రాజు నాలుగో తౌఫాహౌ టుపౌ ప్రకటన జారీ చేసి, ఆ నెలలోనే స్వయంగా వెళ్లి తన జెండా ఎగరేశాడు. ఆ ప్రకటనలో మినర్వాను దిబ్బలని వదలకుండా దీవులు, రాళ్లు, దిబ్బలు, చుట్టూ 12 మైళ్ల నీళ్లు అని రాయించాడు. ఊరికే రాయించలేదు. దీవికి చుట్టూ ఉన్న సముద్రం మీద హక్కు వస్తుంది, దిబ్బకు రాదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో దక్షిణ పసిఫిక్ ఫోరం టోంగా వాదనను ఒప్పుకుంది. ఫిజీ మాత్రం అది దిబ్బేనని, తన సముద్ర ప్రాంతంలోదని అంటుంది. 2005లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ దగ్గర అభ్యంతరం పెట్టింది. రెండు దేశాల చివరి దీవుల నుంచి కొలిచినా మినర్వా 200 నాటికల్ మైళ్ల లోపే వస్తుంది, కాబట్టి పంచాయతీ ఒడవదు. 2014లో ఫిజీ తన లావ్ దీవులు ఇస్తే మినర్వా వదులుకుంటామని టోంగా మంత్రి లార్డ్ మాఫు అన్న మాట కూడా ముందుకు సాగలేదు.

చట్టం మాట సూటిగా ఉంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 121వ అధికరణం ప్రకారం సహజంగా ఏర్పడి, పోటు వేళ కూడా నీటిపైన ఉండేదే దీవి. ఆటుకు తేలి పోటుకు మునిగేది 13వ అధికరణం కిందికి పోతుంది, ఒడ్డుకు 12 మైళ్ల అవతల ఉంటే దానికి సొంత సముద్రం ఉండదు. ఇసుక పోసి పెంచినా, సిమెంటు దిమ్మె కట్టినా లెక్క మారదు. 2016 జులై 12 నాటి తీర్పులో దక్షిణ చైనా సముద్రంలోని మిస్చీఫ్ రీఫ్, సెకండ్ థామస్ షోల్ రెండూ పోటుకు మునిగేవేనని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ తేల్చింది. మిస్చీఫ్ మీద చైనా రన్‌వే కట్టి ఉంది, ఆ తీర్పును చైనా ఒప్పుకోలేదు. మన పత్రికలు దాన్ని 'దీవి' అని రాస్తే తెలియకుండానే ఒక పక్షం వకాలత్ పుచ్చుకున్నట్టే. ఇంటి దగ్గరి ఉదాహరణ కావాలంటే, 1970 తుఫాను తర్వాత బంగాళాఖాతంలో తేలిన న్యూ మూర్ కోసం మనమూ బంగ్లాదేశూ ఏళ్లకేళ్లు వాదించుకున్నాం. 2010 నాటికి అది నీట మునిగిపోయింది. లక్షద్వీప్ లెక్క చెప్పేటప్పుడు మన ప్రభుత్వమే 36 దీవులను ఒకచోట, 3 దిబ్బలు, 5 మునిగిన గట్లను వేరేచోట రాస్తుంది.

ఈ తగాదా పడవవాడికి ఎక్కడ తగులుతుంది? మొదటిది, దీపం. గండి దగ్గర టోంగా పెట్టిన దీపాన్ని ఫిజీ నౌకాదళం పాడుచేసిందని 2011లో టోంగా ఆరోపించింది. తర్వాత టోంగా నౌకలు వెళ్లి కొత్తది పెట్టాయి. పటంలో దీపం గుర్తు చూసి రాత్రి దాని కోసం వెతుక్కుంటూ పోయేవాడికి అది వెలుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. రాత్రి ఈ దిబ్బకు తగిలితే ఏమవుతుందో చూడండి: 1962 జులై 7 రాత్రి టోంగా నుంచి న్యూజిలాండ్ పోతున్న తుఐకేపౌ పడవ దక్షిణ మినర్వాకు కొట్టుకుని, కెప్టెన్ తెవిటా ఫిఫిటాతో కలిపి 17 మంది అక్కడున్న ఒక జపాన్ చేపల ఓడ శిథిలంలో తలదాచుకున్నారు, మూడు నెలల పైన చిక్కుబడ్డారు, అందరూ ప్రాణాలతో బయటపడలేదు. ఉప్పునీళ్లు మరిగించి ఆవిరి పట్టుకుని తాగారు.

రెండోది, కాగితాలు. మినర్వాలో ఇమిగ్రేషన్ లేదు, ముద్ర వేసేవాడు లేడు. హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి పాతర్లపల్లి ఉన్న భారత నౌకాదళ మహిళల తెరచాప పడవ తారిణి బృందం 2017, 18లలో భూమి చుట్టూ తిరిగినప్పుడు ఫాక్లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీలో ఆగింది. ఆ భూమి మీదా బ్రిటన్, అర్జెంటీనా వివాదం ఉంది, కానీ అక్కడ రేవు ఉంది, అధికారి ఉన్నాడు. మినర్వాలో అడిగేందుకే ఎవరూ ఉండరు. అడగడానికి వచ్చేది గస్తీ నౌక. వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్‌లో పిలుపు వస్తే పడవ పేరు, జెండా దేశం, వదిలిన రేవు, పోయే రేవు, మనుషుల సంఖ్య చెప్పి, వాతావరణం కోసం ఆగామని చెబితే సరిపోతుంది. వదిలిన రేవు క్లియరెన్స్ కాగితం, పాస్‌పోర్టులు, పడవ రిజిస్ట్రేషన్ చేతికి అందేచోట ఉండాలి. ఇది ఎవరి నీళ్లన్న చర్చ పెట్టుకోవద్దు.

మూడోది చాలామంది మరిచేది. ఇది మా సముద్రమేనని ఒక దేశం అంటున్నచోట కూడా 18వ అధికరణం ప్రయాణంలో భాగంగానో, ఆపద వల్లనో లంగరు వేయనిస్తుంది. చేపలు పట్టడం మొదలుపెడితే 19వ అధికరణం కింద ఆ రక్షణ పోతుంది. మినర్వా రాతి రొయ్యలకు పేరు మోసింది, అందరి కళ్లూ వాటి మీదే. రాత్రి టార్చి పట్టుకుని దిబ్బ మీదికి దిగితే, వాతావరణం కోసం ఆగామన్న మాటకు విలువ ఉండదు. దిబ్బ దగ్గరి పెద్ద చేపల్లో సిగ్వాటెరా విషం ఉండొచ్చన్నది వేరే సంగతి. ఎంత ఉడికించినా అది పోదు.

మంచినీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు తాగడానికి, వంటకే లెక్క వేసుకోవాలి. వారం ఆగుతామనుకుంటే రెండు వారాలకు పెట్టుకోవాలి. న్యూజిలాండ్ పోయేవాళ్లు చేరడానికి 48 గంటల ముందే సమాచారం పంపాలి. 2018 నుంచి పడవ అడుగు భాగం నాచు, గుల్లలు లేకుండా ఉన్నట్టు రుజువు కూడా చూపాలి.

పాఠ్యపుస్తకాల్లో 'ప్రవాళ భిత్తిక' అన్న మాట ఉంది. దాన్ని పొద్దున్నే చాయ్ తాగుతూ చదవమని ఎవరికీ చెప్పలేం. 'పగడపు దిబ్బ' అని, మొదటిసారి రాసినప్పుడు 'పోటుకు మునిగేది' అని ఒక్క ముక్క చేర్చితే చాలు. పటం వేసేటప్పుడు దీవికి వేసినట్టు నిండు రంగు కాకుండా చుక్కల గీత వేయించండి, ఓడల పటాల్లో అలాగే ఉంటుంది.

ఇంకొక్కటి. నౌకాదళ వార్తల్లో 'గంటకు 20 నాట్ల వేగం' అని వస్తోంది. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. 'గంటకు' తీసేయండి.

ఇట్లు,
వాణిజ్య నౌకల్లో పనిచేసి విశ్రాంతిలో ఉన్న కొందరు,
హనుమకొండ, కాజీపేట